ఉప్పుగాలిలో పాత జీపు

సముద్రతీరమున ఇనుమునకు ఆయువు తక్కువ. విశాఖపట్టణములో ఇల్లు కట్టుకొన్న ప్రతివాడును ఈ సంగతిని కిటికీ ఊచలవలన నేర్చుకొనును. రెండు మూడేండ్ల కొకసారి రంగు పూయింపనిచో ఊచ ఉబ్బి, పగిలి, పొరలు పొరలుగా రాలిపోవును. ఆరుబయట విడిచిన సైకిలు గొలుసు ఒక్క వానకాలము గడచునప్పటికి బిగిసి కూర్చుండును. ఖనిజమును కరగించి ఉక్కు పోతపోయు నగరముననే గాలి ఆ ఉక్కును అహర్నిశములు కొరుకుచుండుట ఒక వింత. ఇట్టి ఊరిలో ఎనుబదేండ్లనాటి యుద్ధపు జీపొకటి, నిన్ననే కర్మాగారము వెడలినట్లు మెరయుచు, గాజువాక ఆటోనగరులోని ఒక షెడ్డున అమ్మకమునకు సిద్ధముగా నున్నదని మిత్రుడొకడు వార్త తెచ్చినప్పుడు నా మనస్సున ఆశయు అనుమానమును కవలపిల్లలవలె ఒక్కసారే పుట్టినవి.

పోయి చూచితిని. పచ్చని మిలిటరీ రంగు, బానెట్టుమీద తెల్లని నక్షత్రము, ముందటి జాలీకి తొమ్మిది నిలువు చీలికలు, వెనుక బిగించిన స్టెప్నీ, దాని ప్రక్కన పెట్రోలు డబ్బా. అమ్మువాడు దానిని 1944 నాటి అమెరికా బండి యనెను. చిన్ననాట సినిమా తెరమీద చూచిన యుద్ధమంతయు నా కన్నులయెదుట నిలిచినది. జేబులోని చేయి తనంతట తానే బైటికి రాబోయినది. అయినను పాతవస్తువును కొనువాడు ముందుగా దాని వంశావళిని విచారింపవలెనను పెద్దల మాటను తలచి, ఆనాటికి వట్టిచేతులతో తిరిగివచ్చి, ఈ ప్రాంతమునకు జీపు ఎట్లు వచ్చినదో, వచ్చి ఏమి చేసినదో గుర్తుచేసికొన మొదలిడితిని. ఈ వ్యాసము ఆ విచారణముయొక్క ఫలము.

విశాఖ వెనుక కొండలున్నవి. రేవునకు నూరు మైళ్లలోపుననే అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, గూడెము మున్నగు మన్యసీమ యంతయు ఆవరించియున్నది. జీపు పుట్టకమునుపు ఆ కొండలకు దొరలు గుఱ్ఱముమీదనో డోలీమీదనో ఎక్కెడివారు. సరకు కావడిమీద దిగెడిది. అచ్చటి బాటలు వట్టిగా పడినవి గావు. నర్సీపట్టణమునుండి చింతపల్లివైపు కొండనెక్కు బాటను వేయించునపుడు గూడెము డిప్యూటీ తహసీల్దారైన బాస్టియన్ అనువాడు గిరిజనులచేత వెట్టికి సమానమైన పని చేయించుటయు, కూలి సరిగా ఈయకుండుటయు 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు ముఖ్యకారణములలో చేరినవి. ఆ ఏట ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసుఠాణాను, మరునాడు కృష్ణదేవిపేటను, ఆ మరునాడు రాజవొమ్మంగిని పట్టుకొని తుపాకులు తీసికొనిపోయెను. జీపు తరువాతి కాలమున సుఖముగా ఎక్కిన ఘాటుబాటల పునాదిలో ఎవరి చెమట కలసియున్నదో జీపుప్రియులు తెలిసికొనియుండుట మంచిది. నేను ఈ మాటను ప్రసంగవశమున చెప్పి ముందునకు సాగుచున్నాను గాని, ఇది ప్రక్కకు నెట్టదగిన మాట కాదు.

రేవు 1933లో తెరవబడినది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడలు నిలుచుటకు అనువైన ఆ లోపలి హార్బరు పట్టణపు జాతకమును మార్చినది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిన పిమ్మట పదినెలలు నిండకమునుపే, 1942 ఏప్రిల్ 6న, జపానువారి విమానములు విశాఖమీదను కాకినాడమీదను బాంబులు విడిచినవి. పట్టణము చాలవరకు ఖాళీయైనది. బండ్లు దొరికినవారు బండ్లమీద, దొరకనివారు తలమీద మూటలతో పల్లెలు పట్టిరి. బాంబులు పడిన దినమును మాయమ్మమ్మ పండుగలతోపాటు లెక్కబెట్టెడిది: ఎవరైన పుట్టినతేది యడిగినచో 'బాంబులు పడ్డ సంవత్సరానికి ముందా, వెనకా?' అని ఎదురుప్రశ్న వేసెడిది.

ఆ యుద్ధమే జీపునకు తల్లి. 1940లో అమెరికా సైన్యము తేలికయైనదియు నాలుగు చక్రములకును శక్తి నందించునదియు నగు చిన్న బండి కావలెనని 135 కంపెనీలకు పిలుపు పంపగా, పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బట్లరు పట్టణమున దివాలాకు చేరువలోనున్న బాంటమ్ అను చిన్న కంపెనీ 49 దినములలో నమూనాబండిని తయారుచేసి ఆ సెప్టెంబరు 23న సైన్యమునకు అప్పగించినది. గీతలు గీచినవాడు కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు. కాని ఫలము అనుభవించినవారు వేరు. బాంటమ్ చిన్నదగుటచే సైన్యము పెద్ద ఆర్డర్లను విల్లీస్ ఓవర్‌లాండు కంపెనీకిని ఫోర్డు కంపెనీకిని ఇచ్చినది. యుద్ధము ముగియునప్పటికి ఈ ఇరువురును చేసిన జీపులు ఆరు లక్షల నలువది వేలకు చేరువైనవి. ఎనుబది అంగుళముల చక్రాంతరము, అరువది గుఱ్ఱపుశక్తి గల పెట్రోలు ఇంజను, ఆరు వోల్టుల బ్యాటరీ, డ్రైవరు కూర్చుండు సీటుక్రిందనే పెట్రోలు టాంకు, ఎడమవైపు స్టీరింగు. ముందు దీపములను వెనుకకు త్రిప్పినచో అవి ఇంజనుమీద వెలుగు ప్రసరింపజేయును. రాత్రి దారిలో బండి ఆగినచో బాగుచేసికొనుట కీ యేర్పాటు. ఫోర్డుసంస్థ మరియొక చాదస్తము చూపినది: తాను చేసిన బోల్టుల తలలమీద సహితము 'ఎఫ్' అను అక్షరమును అచ్చు గ్రుద్దినది. ఎనుబదేండ్ల తరువాత ఈ చాదస్తమే కొనుగోలుదారులకు దీపమగునని వారు ఊహించియుండరు.

బర్మాసరిహద్దున పోరాడిన సైన్యములవెంట ఈ బండ్లు వేలకొలది మనదేశమునకు వచ్చినవి. యుద్ధము ముగియగనే అవి 'మిలిటరీ డిస్పోజల్' అను పేరుతో వేలములకు ఎక్కినవి. ఈ మాట తెలుగు వాడుకలో నేటికిని జీవించియున్నది. మన సంతలలో అమ్ము కాకీ కోటును, నీళ్లసీసాను సైతము ఆ పేరుతోనే పిలుతురు.

పాతజీపు కొనదలచినవాడు చదువవలసిన మొదటి పాఠము ఆ కాలమునుండియే వచ్చినది. 1948లో కాశ్మీరయుద్ధ సమయమున, లండనులో భారత హైకమిషనరుగా నుండిన వి. కె. కృష్ణమీనను, మరమ్మతుచేసిన రెండువేల పాతజీపులకై సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందమును పేరుప్రతిష్ఠలు లేని ఒక విదేశపు కంపెనీతో కుదిర్చిరి. వచ్చినవి 155, అవియు పనికిరావని సైన్యము త్రోసిపుచ్చినది. తిరుపతి ప్రాంతపు ప్రతినిధియైన మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన విచారణసంఘ మేర్పడి దోషములను ఎత్తిచూపినను, 1955 సెప్టెంబరు 30న ప్రభుత్వము ఆ వ్యవహారమును ముగిసినదిగా ప్రకటించినది. స్వతంత్రభారతమున తొలి కుంభకోణముగా పేరుపడిన యీ గాథలో రాజకీయము నాకు ప్రస్తుతము కాదు. ఒక దేశమంతయు కలసికూడ బండిక్రింద దూరి చూడకయే డబ్బు చెల్లించినదిగదా అనునది నన్ను ఆకర్షించిన సంగతి.

తరువాత బొంబాయి కథ వచ్చును. 1945 అక్టోబరు 2న లుధియానాలో మహీంద్రా సోదరులును మాలిక్ గులాం మహమ్మదును కలసి నెలకొల్పిన 'మహీంద్రా అండ్ మహమ్మద్' అను ఉక్కువర్తక సంస్థ, దేశవిభజనతో గులాం మహమ్మదు పాకిస్తానునకు పోయి అచ్చట ఆర్థికమంత్రి (పిమ్మట గవర్నరు జనరలు) కాగా, 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా' యైనది. విల్లీస్ కంపెనీనుండి భాగములుగా తెప్పించిన జీపులను బొంబాయి మజ్‌గావులో కూర్చుటతో మొదలుపెట్టి, క్రమక్రమముగ వీరు ఇచ్చటనే తయారుచేయసాగిరి. మన పెద్దలు జీపు అని యెరిగినది ప్రధానముగ వీరి సి.జె. 3బి అను బండినే. దాని ఇంజనులో కవాటములలో కొన్ని పైకెక్కుటచే ఎత్తు పెరిగి, బానెట్టు ఉబ్బిన నొసలువలె పైకి లేచినది. ముందటి జాలీకి చీలికలు ఏడు. యుద్ధపుబండికి లేని వెనుక తలుపు దీనికి కలదు. తొమ్మిది చీలికలు, పొట్టి బానెట్టు, తలుపులేని వెనుకభాగము యుద్ధపుజీపు లక్షణములు. ఏడు చీలికలు, ఎత్తైన బానెట్టు, వెనుక తలుపు సమితిజీపు లక్షణములు.

'సమితిజీపు' అంటిని. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన తరువాత, పల్లెటూరివానికి ప్రభుత్వము జీపురూపమున ప్రత్యక్షమైనది. అంతకుముందు తహసీల్దారు గుఱ్ఱముమీదనో జట్కాలోనో వచ్చువాడు. ఇప్పుడు బి.డి.ఓ. గారి జీపు దుమ్ము లేపుకొనుచు వచ్చి రచ్చబండ కడ ఆగును. పిల్లలు చుట్టును మూగుదురు. డ్రైవరు హారను నొక్కనిచ్చినచో వారికది వారముదినముల గొప్ప. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితు లేర్పడగా ఆ జీపుల తలుపులమీద సమితి పేరు తెల్లని అక్షరములతో వెలసినది. మలేరియామందు చల్లువారు, టీకాలవారు, ఎన్నికలలో మైకు కట్టుకొని తిరుగువారు — అందరును జీపు ఎక్కినవారే. కొండలలోనైతే మరియొక బండికి ప్రవేశమే లేదు. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము ప్రారంభమగుటయు, అటుపిమ్మట బైలడిల్లా ఇనుపఖనిజమును జపానునకు ఎగుమతిచేయుటకై కొత్తవలస కిరండోలు రైలుమార్గము కొండలను దొలుచుకొని వచ్చుటయు సర్వేవారికిని ఇంజనీర్లకును ఈ బండి లేనిచో దుర్ఘటము. 

పట్టణమున సైతము అవి జీపునకు మంచిరోజులు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదము రాష్ట్రమంతట మారుమ్రోగినది. ఆ నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1968లో తూర్పు నౌకాదళము ఇచ్చట స్థావర మేర్పరచుకొన్నది. 1971 జనవరి 20న ఇందిరాగాంధి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసినది. అది జాతికి అంకితమగుటకు 1992 ఆగస్టు 1వ తేది వరకు ఆగవలసివచ్చినది. ఇరువదియొక్క యేండ్లు! ఆ రాయి పాతిననాడు కొన్న జీపు కొలిమి మండునప్పటికి తుక్కుకు పోవు వయస్సునకు వచ్చియుండును.

పెట్రోలు ధర 1973 తరువాత పెరుగగా జీపులకు దుర్దశ పట్టినది. మేస్త్రీలు అసలు ఇంజనులను దింపి మాటడారు వ్యాను డీజిలు ఇంజనులను ఎక్కించిరి. పాడేరు, చింతపల్లి దారులలో 'సర్వీసు జీపు' అవతరించినది. సంతనాడు లోపల పండ్రెండుగురు, పైన అల్లము మూటలు, పసుపు బస్తాలు, వెనుక కడ్డీ పట్టుకొని వ్రేలాడువారు మరి అరడజను. అసలు ఇంజనుతో నేటివరకు నిలిచిన జీపు దొరకుట ఎందుకు దుర్లభమో ఇందువలననే తెలియును. జీపును చంపినది ముసలితనము కాదు, ఆకలి. బ్రదుకుతెరువునకై దాని గుండెను మార్చిరి. నే నెవ్వరిని తప్పుపట్టను.

ఇంత చరిత్రను మనస్సున మోసికొని, ఈసారి నాతోకూడ ఒక ముసలి మేస్త్రీని వెంటబెట్టుకొని, ఆటోనగరునకు మరల పోయితిని. ఆయన శ్రీకాకుళము వైపువాడు. యాబదేండ్లుగా కమాను కట్టలు, గేరుబాక్సులు విప్పి బిగించిన చేతులు. బండిచుట్టు నేను ఒకమారు ప్రదక్షిణము చేయునంతలో ఆయన లుంగీ ఎగగట్టి గోనెపట్టా పరచుకొని క్రిందకు దూరెను.

"రంగు సూసి మురిసిపోకండి బాబూ, రంగు ఎవుడైనా ఏస్తాడు. చాసీ మాటాడతాది, అది వినండి" అని లోపలినుండి ఆయన గొంతు.

చిన్న సుత్తితో చాసీని బారెడు బారెడుకు కొట్టుచు పోయెను. మంచి ఇనుము గణగణ మ్రోగును. లోపల తుప్పు తిన్నచోట మ్రోత బొద్దుగా వచ్చును. ఈ బండి అంతటను గణగణ మ్రోగినది. అయస్కాంతమును ఒడలి అంచుల వెంబడి జరిపెను, పుట్టీ పూసినచోట అది జారిపోవలెను, ఎచ్చటను జారలేదు. నా ఆశ రెట్టింపైనది. అప్పుడాయన బయటికి వచ్చి, ముందు బంపరు వెనుకనున్న అడ్డుకమ్మిని టార్చి వెలుగున చూపెను. విల్లీస్ బండికి అది గుండ్రని గొట్టము, ఫోర్డు బండికి బోర్లించిన దోనెవంటిది. ఇచ్చట నున్నది రెండును గాదు. బోల్టులు క్రొత్తవి, వానిమీద 'ఎఫ్' అక్షరము లేదు. దీపములు వెనుకకు తిరుగవు. స్టీరింగు కుడివైపు. చాసీ నెంబరు రేకును పట్టియున్న రివిట్లు నిన్నటివలె మెరయుచున్నవి. తుప్పు లేకపోవుటకు కారణము అప్పటికి నాకు బోధపడినది: తుప్పు పట్టుటకు తగినంత కాలము ఆ రేకు ఈ లోకమున లేదు.

ఆర్సీ బుక్కు అడిగితిమి. అందు మహీంద్రా, 1986 అని యున్నది.

అమ్మువాడు సిగ్గుపడలేదు. హర్యానాలోని మండీ డబ్వాలీ పట్టణము పాతజీపులకు కొత్త ఒడళ్లు తొడుగుటలో దేశమంతట ప్రసిద్ధము; ఇట్టివానిని 'విల్లీస్' అను పేరుతో కొను యువకులు ఎందరో కలరు. ఆ టింకరింగు పనివారి నైపుణ్యమును నేను మెచ్చుకొందును. తయారీదారు నిర్ణయించిన రూపమును మార్చిన బండికి రిజిస్ట్రేషను నిలువదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. దానిమాట అటుండ, యుద్ధపుజీపు ధర చెల్లించి యుద్ధపుజీపు బొమ్మను తెచ్చుకొనుట నా కిష్టము లేకపోయినది. అంత డబ్బుతో బొమ్మను కొనదలచినవాడు సముద్రపుటొడ్డున కురుసురా జలాంతర్గామిని టికెట్టు కొని చూచి రావచ్చును. 2001లో సేవ చాలించి, మరుసటి యేడు ప్రదర్శనశాలయైన ఆ ఓడ ఒడలున మచ్చలున్నను, అది తానే.

తిరిగివచ్చుదారిలో మేస్త్రీ నెమ్మదిగా అనెను: "నర్సీపట్నం కాడ ఒకటుంది బాబూ. అందంగా ఉండదు. కొంటారా?"

అది 1968 నాటి సి.జె. 3బి. యజమాని పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. సమితులు పోయి మండలములు వచ్చిన తరువాత ఆయన తండ్రి దానిని ప్రభుత్వపు వేలములో పాడుకొని కాగితములన్నియు ఒక రేకుపెట్టెలో దాచియుంచెను. అసలు పెట్రోలు ఇంజను, రెండుమార్లు రీబోరు చేయించినది. ఎడమవైపు మడ్‌గార్డున మూడు అతుకులు, చాసీలో ఒకచోట వెల్డింగు, సీట్లకు గోనెగుడ్డ. కొండగాలి దానిని కాపాడినది. సముద్రము దానికి ఇరువది మైళ్లకు పైగా దూరము. మేస్త్రీ సుత్తి అచ్చట అన్నిచోట్ల ఒకే మ్రోత చేయలేదు. అతికినచోట బొద్దుగాను, అతుకనిచోట గణగణగాను పలికినది. దాచుకొనుట కేమియు లేనివాని మాట అట్లే యుండును.

ఇంకొక చిక్కు మిగిలియుండెను. 2021 జూలైనుండి యాబది యేండ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను ఇచ్చుచున్నారు. పాతనెంబరును ఉంచుకొనవచ్చును, కాలపరిమితి పదేండ్లు. కాని ఆ పత్రము పుచ్చుకొన్న బండిని నిత్యము నడుపుటకు వీలులేదు. ప్రదర్శనలకును, ర్యాలీలకును, పెట్రోలు పోయించుకొనుటకును, మరమ్మతులకును తప్ప రోడ్డున తిప్పరాదు. సాధారణపు రిజిస్ట్రేషనునే ఉంచుకొన్నచో ఐదేండ్ల కొకసారి పరీక్షచేయించి పునరుద్ధరింపవలెను. మొదటిది గౌరవము, రెండవది శ్రమ. ఉపాధ్యాయుడు మొదటిదానినే సలహా యిచ్చిరి. లంబసింగి ఘాటు ఎక్కని జీపు నాకెందుకని నేను రెండవదానికే మొగ్గితిని.

బేరము మధ్యాహ్నమునకు కుదిరినది. కాగితములమీద సంతకములైన పిదప ఎండ పక్కగా పడుచుండగా వెనుక తలుపుమీద పాతరంగుక్రిందనుండి అక్షరములు లీలగా పైకి తేలినవి: 'పంచాయతీ సమితి'. ఊరిపేరు చెరిగిపోయినది. రంగు వేయింతునన్న మేస్త్రీకి ఆ తలుపును మాత్రము ముట్టుకొనవలదని చెప్పితిని.